పాత పంటల జాతర: ఈసారి జహీరాబాద్ దిక్కు ఎవరెవరు పోతున్నరు?

మంజీర తీరం · జనవరి 5

అందరికీ నమస్తే. సంక్రాంతి దగ్గర పడ్డది. మా సంగారెడ్డి జిల్లాల జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లల్ల పాత పంటల జాతర మొదలైతది. తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. పస్తాపూర్‌ల ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (మేం డీడీఎస్ అంటం) మహిళా సంఘాలోళ్లు ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లు కట్టి, వాటి మీద పాత విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. దాదాపు నెల రోజులు. ఫిబ్రవరి నడుమ ముగింపు సభ. రెండున్నర దశాబ్దాల సంది నడుస్తున్న పండుగ ఇది.

నాకు రాయికోడ్ దిక్కు రెండెకరాల చేను ఉంది, ఎకరంన్నర చెల్క (వాన మీద పండే ఎర్ర నేల), అరెకరం రేగడి. నాయిన ఉన్నప్పుడు జొన్న, కంది, పెసర, నువ్వులు అన్నీ కలిపే ఏసేటోడు. ఆయన పోయినంక కౌలుకిస్తే పత్తి పెట్టిన్రు. వచ్చే వానాకాలం మళ్ల మేమే చేద్దామని ఇంట్ల అనుకున్నం. దుకాణంల కంది అడిగితే ఒక్క రకం సంచి చేతిల పెడుతున్నరు. తెల్ల కంది, నల్ల కంది వేరేగ కావాలంటే ఎక్కడా లేవు. అందుకే జాతరకు పోదామనుకుంటున్న.

పోయొచ్చినోళ్లు ఎవరన్న ఉంటే రాయండి. బండ్ల ఫోటోలు ఇంటర్నెట్‌ల మస్తు ఉన్నయి. విత్తనం ఎట్ల అడగాలె, ఎట్ల తెచ్చుకోవాలె, తెచ్చి ఎట్ల దాచుకోవాలె, ఆ సంగతులు ఎక్కువ కావాలె.

చెల్క బిడ్డ · జనవరి 5

అన్నా, మాది ఝరాసంగం మండలం. మా చిన్నమ్మ సంఘంల ఉన్నది. చిన్నప్పటి సంది చూస్తున్న కాబట్టి చెప్త.

బండ్లు ఊళ్లెకొచ్చే రోజు పొద్దుగాల నుంచే ఊరంత సందడి. ఇండ్ల ముందర అలుకు, ముగ్గు. బండ్లకు మామిడి తోరణాలు, జొన్న కంకులు, సజ్జ కంకులు కడతరు. ఎడ్ల కొమ్ములకు రంగు, మెడల గంటలు. ఒక్కో బండిల మట్టి కుండలు, ఈత గంపలు వరుసగ పెట్టి ఉంటయి. ఒక దాంట్ల పచ్చజొన్న, ఒక దాంట్ల సజ్జ, ఒక దాంట్ల కొర్ర, సామ, అరిక, తైద (రాగులు). ఇంకో బండిల పప్పు గింజలు: కందిలనే ఎర్రది, తెల్లది, నల్లది, ఇంక పెసర, మినుము, అనుములు, ఉలవలు, బొబ్బర్లు, శనగ, లంకలు. నూనె గింజలు మళ్ల వేరే: కుసుమ, నువ్వులు, అవిసె.

బండ్లు పొలిమేర కాడికి రాంగనే డప్పులతోటి ఎదురుపోతరు. ఆడోళ్లు విత్తనాల కుండలు నెత్తిన పెట్టుకొని ముందర నడుస్తరు, పాట ఎత్తుకుంటరు. ఊరోళ్లు ఎడ్ల కాళ్లు కడిగి, బండ్లకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతరు. తర్వాత చెట్టు కింద కూసొని మాట్లాడుకునుడు. ఈ ఏడు ఏం పండింది, ఏ గింజ పోయింది, ఏ గింజ ఎవరి దగ్గర మిగిలింది. ముసలోళ్లు లేచి మాట్లాడుతరు. అడిగి మాట్లాడిస్తరు కూడ.

నువ్వు అడిగిన విత్తనం సంగతి ఆ మాటల కాడనే తెలుస్తది. బండి మీద ఉన్నది చూపెట్టే గింజ. అది పంచిపెట్టేది కాదు. ఏ గింజ ఏ ఊరి ఏ అమ్మ దగ్గర ఉన్నదో అక్కడ అడిగి తెలుసుకొని, తర్వాత ఆమె ఇంటికి పోవాలె. సంఘాలకు విత్తన బ్యాంకులున్నయి. తీసుకున్నోళ్లు పంట వచ్చినంక తీసుకున్న దాని కన్న ఎక్కువ కొలిచి తిరిగిస్తరు. పైసల లెక్క కాదు. బయటోళ్లకు ఇస్తరా అంటే అడిగే తీరును బట్టి ఉంటది. "నాకు చేను ఉన్నది, ఏస్త, పండినంక తెచ్చిస్త" అని చెప్పు. చూద్దామని ఒక గుప్పెడు తీసుకుపోయి డబ్బాల పెట్టేటోళ్లంటే వాళ్లకు గిట్టదు.

కాలవ గట్టు · జనవరి 6

మాది తెనాలి పక్కన అండి. వరి రైతులం. ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. పండగ బాగుంది, మనసుకు హాయిగా ఉంది చదువుతుంటే. కానీ రైతు చివరికి చూసేది గిట్టుబాటే కదండీ. 2024-25కి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకి క్వింటాలు 3,371 రూపాయలు, రాగికి 4,290, సజ్జకి 2,625. సాధారణ వరికి 2,300. కాగితం మీద జొన్న, రాగులే నయం. అయినా మేము వరి ఎందుకు వేస్తాం? కళ్లం దగ్గరికి లారీ వచ్చి ఎత్తుకుపోతుంది కాబట్టి. కొర్ర, సామ, అరికలకి ఆ మద్దతు ధర కూడా లేదు. కొనేవాడు ఎవరో తెలియకుండా విత్తనం కాపాడండి అంటే చిన్న రైతు మీద ఎంత బరువండీ అది?

చెల్క బిడ్డ · జనవరి 6

గారూ, మీ ప్రశ్నల తప్పేం లేదు. మా ఊళ్లల్ల కూడ ఇదే మాట మగోళ్లు అడుగుతరు.

మీ నేలకు కాలువ ఉన్నది. మా నేల ఎర్ర గరుసు. పైన జానెడు మన్ను, కింద రాయి. బోరు ఏస్తే పడుతదో లేదో తెల్వదు. ఇసుంటి నేలల ఒక్క పంట పెడితే, ఒక్క వాన తప్పినా ఏడాదంత పోయినట్టే. అందుకే మా అమ్మలు ఎకరంల పదిహేను ఇరవై రకాలు కలిపి ఏస్తరు. జొన్న నిలువుగ పైకి పోతది. కంది ఏరు లోతుకు దిగుతది. పెసర, మినుము నేల మీద పర్సుకుంటయి, ముందుగాల ఇంటికొస్తయి. అనుము జొన్న దంటును పట్టుకొని పాకుతది. చలికాలం చేనుకైతే చుట్టూ కుసుమ పెడితే ముండ్లకు పశువు లోపలికి రాదు. వాన ముందు ఆగితే పెసర పోతది కానీ కంది నిలుస్తది. ఆఖరుకు ముసురు పట్టి జొన్న నల్లబడితే చొప్ప అన్న మిగులుతది. ఎడ్లకు, బర్రెకు అదే ఆధారం.

చలికాలం పంటలు ఇంకో ముచ్చట. నల్లరేగడిల శనగ, కుసుమ, అవిసె, లంకలు వాన లేకుండ మంచుకే పండుతయి. వాటిని మా దిక్కు సత్యం పంటలు అంటరు. నీళ్లు పెట్టరు, మందు కొట్టరు. పెట్టుబడి ఏం లేనప్పుడు గిట్టుబాటు లెక్క మారిపోతది కద.

కొనేటోళ్ల ముచ్చట మాత్రం మీరన్నది నిజమే. ముందుగాల ఇంటికి తిండి, పశువుకు మేత, మిగిలింది అమ్ముడు. ఇదే వాళ్ల లెక్క. అంత అమ్ముడుకే అని పెట్టుకున్నోళ్లకు కష్టమే.

పాలమూరు అక్క · జనవరి 6

ఇక్కడ ఇంకో మాట రావాలె. మగోళ్లు గిట్టుబాటు గురించి మాట్లాడిన్రు, సరే. కొర్ర, సామ, అరిక పొట్టు ఎవరు తీయాలె? మా అమ్మమ్మ పొద్దు పొడవక ముందే రోకలి పట్టేది. అరిక పొట్టు ఒక పొర కాదు, పొరల మీద పొరలు. దంచి, చెరిగి, మళ్ల దంచి. అరచేతులల్ల కాయలు. మా అమ్మ రేషన్ బియ్యం రాంగనే రోలు పక్కకు పెట్టింది. ఆమెను ఎవరు తప్పు పడతరు?

చిరుధాన్యాలు పోవడానికి నోటి రుచి మారుడు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. ఆడోళ్ల రెక్కలు అలిసిపోయినయి. ప్రతి ఊళ్లె చిన్న పొట్టు మిల్లు లేకుండ కొర్రలు తిరిగొస్తయని ఆశపెట్టుకోవద్దు. జాతరల ఈ మాట వినిపిస్తదా లేదా నాకు చెప్పండి.

చెల్క బిడ్డ · జనవరి 6

వినిపిస్తది అక్కా. మాట్లాడేటోళ్లంత ఆడోళ్లే కాబట్టి ముందుగాల వచ్చే మాటల్ల అదొకటి. జొన్న, సజ్జ, తైదకు ఆ బాధ లేదు, గిర్నీకి ఏస్తే పిండి అయితది. మా ఇంట్ల పొద్దుగాల జొన్నరొట్టె, పుంటికూర, ఆదివారం సజ్జ మలీద. కొర్ర, సామల కాడనే చిక్కు. మిల్లు దగ్గరున్న ఊళ్లల్ల కొర్రలు ఏసేటోళ్లు ఎక్కువైన్రు, దూరమున్న ఊళ్లల్ల తక్కువైన్రు. నా కండ్లతోటి చూసిందే ఇది.

బడి గంట · జనవరి 7

నేను మెదక్ జిల్లాలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. ఒకసారి మా పిల్లల్ని జాతరకు తీసుకువెళ్లాను. బండ్ల కంటే పిల్లల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఏమిటో తెలుసా? చేలో తనంతట తాను మొలిచే ఆకుకూరలు. అక్కడ ఒక పెద్దావిడ ఒళ్లో కొంగు పరిచి ఒక్కొక్క ఆకు తీసి చూపించింది. తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు, అత్తిలి, పొన్నగంటి, చెన్నంగి, జొన్నచెంచలి. ఎవరూ విత్తనం వేయరు. మందు కొట్టని చేలో వానలకు మొలుస్తాయి. గునుగు అంటే బతుకమ్మలో పేర్చే పువ్వనే మా పిల్లలకు తెలుసు. లేత ఆకు కూర వండుకుంటారని అప్పుడే విన్నారు.

ఆవిడ ఒక ఆకును వేళ్లతో నలిపి పిల్లల ముక్కు దగ్గర పెట్టింది. "ఇది బాలింతకు పెడతం" అంది. ఇంకొకటి చూపి "ఇది వానాకాలం తిన్నంక మళ్ల తినొద్దు, ఆకు ముదురుతది" అంది. పాఠ్యపుస్తకంలో జీవవైవిధ్యం అధ్యాయం నేను ఏళ్లుగా చెబుతున్నాను. కలుపుమందు కొడితే చేలో ఇన్ని రకాల కూర పోతుందన్న మాట పిల్లలకు అక్కడ అర్థమైనంత బాగా నా తరగతిలో అర్థం కాలేదు.

ఉపాధ్యాయులు ఇంకెవరైనా ఉంటే ఒక మాట. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ఊరి పంటలు, చెట్లు, జంతువులు, వాటి గురించి జనానికి ఉన్న తెలివి అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. మా పిల్లలు వాళ్ల వాడల్లో తిరిగి కూరల పేర్లు, చెట్ల పేర్లు రాసుకొచ్చి పంచాయతీకి ఇచ్చారు. జాతరకు వెళ్లొచ్చాక చేయించగలిగే పని ఇది.

సిక్కోలు గాలి · జనవరి 7

మాది టెక్కలి దగ్గరండి. ఈ చర్చ చదువుతుంటే మా తేలినీలాపురం గుర్తొచ్చింది. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగిపోతాయి. ఊళ్లో చింతచెట్ల మీద, ఇళ్ల పక్కన చెట్ల మీద గూళ్లు. పక్షులు రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదని మా పెద్దోళ్ల నమ్మకం. అందుకని ఎవరూ రాయి విసరరు. గూటిలోంచి పిల్ల కిందపడితే ఎత్తి చూసుకుంటారు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో కూడా అంతే, అక్కడికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలొస్తాయి.

మా ఊరోళ్లు దాన్ని జీవవైవిధ్యం అని ఎప్పుడూ అనలేదు. వాళ్లకవి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. కానీ చెట్లు తగ్గిపోతున్నాయండి. తుపాన్లకి పెద్ద చెట్లు కూలిపోయాయి, కొత్తవి పెరిగేదాకా పక్షి ఎక్కడ కూర్చుంటాది? పండగ పెట్టాలంటే మా ఊళ్లో చెట్లు నాటే పండగ పెట్టాలి.

పులికాట్ పక్క · జనవరి 7

సిక్కోలు అన్నా, మా సూళ్లూరుపేటలో పక్షుల పండగ ఉందిగా. ఫ్లెమింగో ఫెస్టివల్ అని జనవరిలో చేస్తారు, 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి మళ్లీ 2025 జనవరిలో ఘనంగా జరిగింది. మైదానంలో స్టాళ్లు, వేదిక మీద పాటలు, నేలపట్టుకి, భీములవారిపాలెం పడవల దగ్గరికి బస్సులు. పిల్లలు తెగ సంబరపడతారు. మా ఊరి వ్యాపారాలకీ మంచిదే, కాదనను.

నాకు మాత్రం నేలపట్టు చెరువు గట్టు మీద మామూలు రోజున నిలబడడమే ఇష్టం. నీళ్లలో సగం మునిగిన కడప చెట్లు, వాటి కొమ్మల మీద గూడబాతుల గూళ్లు. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి దూర్చి చేప తీసుకుంటుంది. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి పారితే పంటకి వేరే ఎరువు పెద్దగా అక్కర్లేదని చుట్టుపక్కల రైతులు చెబుతారు. ఆ ఊరికీ పక్షికీ మధ్య లెక్క అలా తేలింది.

జహీరాబాద్ జాతరలో నాకు నచ్చిన విషయం, ఊళ్లని మైదానానికి పిలవకుండా పండగే ఊళ్లకి నడుస్తుంది. మా దగ్గర కూడా ఒక రోజైనా సరస్సు చుట్టూ ఉన్న జాలరి కుప్పాల్లో పండగ పెడితే బాగుంటుందని నా కోరిక. పులికాట్‌లో ముఖద్వారాలు పూడిపోయి ఉప్పునీటి రాకపోకలు తగ్గితే ముందు చెప్పేది వాళ్లే. చేప తగ్గితే పక్షి తగ్గుతుందని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మన్యం మాట · జనవరి 8

అల్లూరి జిల్లా నుంచి రాస్తున్నాను. మా గిరిజన ఊళ్లల్లో కందికొత్త పండగ ఉంది. కొత్త కంది గ్రామదేవతకి పెట్టకుండా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. అలాగే కొర్రకొత్త. డుంబ్రిగూడ వైపు పాత విత్తనాల పండగ కూడా జరుగుతోంది. ఊరూరి నుంచి గింజలు తెచ్చి ఒకచోట పెట్టి మార్చుకుంటారు.

బయట నుంచి వచ్చేవారికి ఒక మనవి. మా ఊరికి వచ్చి ఒక రకం సామ చూసి "ఇది చాలా అరుదు" అని గుప్పెడు పట్టుకెళ్తారు. తర్వాత కబురుండదు. అది మా తాతల కష్టం. తీసుకెళ్తే ఎక్కడ వేశారు, ఎలా వచ్చిందో ఒక కబురు పంపండి. మా దగ్గర ఆ ఏడు వాన దెబ్బకి పోతే మీ దగ్గర నుంచి తెచ్చుకుంటాం కదా. విత్తనం రెండు చోట్ల ఉంటేనే బతికినట్టు.

మంజీర తీరం · జనవరి 8

మన్యం మాట గారూ, ఈ మాట నాకు మనసుకు తగిలింది. తప్పకుండ పాటిస్త.

ఒక చట్టం సంగతి ఎవరన్న వివరంగ చెప్తరా? రైతు దగ్గర రైతు విత్తనం తీసుకుంటే ఏమన్న ఇబ్బంది ఉందా? మా బావ "కంపెనోళ్లు కేసులు పెడతరు" అని భయపెడుతున్నడు.

రేగడి నేల · జనవరి 8

భయం అక్కర్లేదు తమ్ముడూ. 2001 మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం ఉంది. రైతు తన పంటలో విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద నమోదైన రకం అయినా సరే. బ్రాండు పేరు వేసి సంచి కట్టి అమ్మకూడదు, అంతే. రైతులు తమ పాత రకాన్ని తమ పేరు మీద నమోదు చేయించుకునే వీలు కూడా అందులో ఉంది.

ఎలాగూ వచ్చాను కాబట్టి నన్ను చాలా రోజులుగా తొలుస్తున్నది రాస్తాను. విత్తనం ఉంది, తెలిసిన అమ్మలు ఉన్నారు, జాతర ఉంది. నేల మాటేమిటి? న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోనే నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక ప్రాంతం కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగా సేకరించాలన్నది ప్రణాళిక. ఈ బండ్లు తిరిగే ఊళ్లు ఆ చుట్టుపక్కలవే. నేల పోయాక విత్తనం కుండలో ఉంటే ఏం లాభం? విత్తకుండా దాచి ఉంచితే గింజ చస్తుంది. మూడు నాలుగేళ్లు దాటితే చాలా రకాలు మొలకెత్తవు.

పరిశ్రమ వద్దనేవాణ్ని కాను. మా ఇంట్లోనూ ఉద్యోగం వెతుక్కునే పిల్లలున్నారు. కానీ భూమి విలువ కట్టేటప్పుడు ఎకరంలో పండే ఇరవై రకాల విలువ, మొలిచే కూరల విలువ, చొప్ప విలువ ఏ కాగితంలోనూ ఎక్కడం లేదు. "మెట్ట భూమి, ఒక పంట" అని రాసి ఊరుకుంటారు. టీచరమ్మ చెప్పిన రిజిస్టర్ ప్రతి ఊళ్లో సరిగా రాసి ఉంటే, కనీసం పోయేది ఏమిటో అందరికీ తెలుస్తుంది.

వేదిక నిర్వాహకులు · జనవరి 8

భూసేకరణ మీద రెండు వైపులా గట్టి అభిప్రాయాలున్న సభ్యులున్నారని తెలుసు. దానికి వేరే చర్చ తెరిచాం, అక్కడ రాయండి. ఇక్కడ జాతర, విత్తనాలు, ఊరి ప్రకృతి మీద కొనసాగించండి.

కదిరి కొండ · జనవరి 9

మాది తిమ్మమ్మ మర్రిమాను పక్కనప్పా. ఒకే చెట్టు ఎకరాలకెకరాలు పాకింది చూడాలంటే రాండి. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదనే గూళ్లు పెడతాయి, సిక్కోలన్న చెప్పినట్లే.

చేను సంగతికొస్తే, మా అనంతపురం నేలలో వేరుశనగ ఒక్కటే పెట్టి పెట్టి చితికిపోయినాము. మా తాత కాలంలో కొర్ర, సజ్జ, అలసంద, ఉలవ, ఆముదము సాలు సాలుకు మార్చి వేస్తాండ్రి. ఇప్పుడు ప్రకృతి వ్యవసాయము కింద వానలకు ముందే నవధాన్యాలు చల్లే పని కొందరు మొదలుపెట్టినారు. దానికి విత్తనము బయట నుంచి కొంటాండారు. మా ఊర్లకు కూడా ఇట్లా బండ్లు వస్తే ఎంత బాగుంటుందో. ఈ జహీరాబాద్ వాళ్లు మొదట్లో ఎట్లా మొదలుపెట్టినారు? మేము నేర్చుకునేదానికి అడుగుతాండా.

చెల్క బిడ్డ · జనవరి 9

అన్నా, నాకు తెలిసినంత చెప్త. డీడీఎస్ 1983ల మొదలైంది. పి.వి. సతీష్ గారు, అంతకు ముందు దూరదర్శన్‌ల చేసినాయన, మొదలుపెట్టినోళ్లల్ల ఒకరు. 2023 మార్చిల పోయిన్రు. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అది.

కానీ మొదలు జాతర కాదన్నా. ముందు సంఘాలు. ఎక్కువ మంది దళిత ఆడోళ్లు, ఎకరం రెండెకరాల బీడు భూములున్నోళ్లు. వారం వారం రాత్రి కూసొని మాట్లాడుకునేటోళ్లు. బీళ్లు బాగు చేసుకున్నరు, జొన్న పండించిన్రు, ఊళ్లెనే గింజ నిధి పెట్టుకున్నరు. కరువు నెలలల్ల పేదోళ్లకు బియ్యం బదులు ఆ జొన్నలే తక్కువ ధరకు ఇచ్చిన్రు. అవన్ని నిలబడ్డంకనే జాతర. 2008 అక్టోబర్‌ల మాచ్‌నూర్‌ల సంఘం రేడియో వచ్చింది, నడిపేది కూడ వాళ్లే. 2019ల ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పేపర్లల్ల బహుమతి మాట పెద్దగ వచ్చింది. ఊళ్లె పెద్ద మాట వేరే. ఎవరి ఇంటికి విత్తనం అడుక్కోవడానికి పోయేటోళ్లో, ఆ ఇండ్లోళ్లే ఇప్పుడు వీళ్ల దగ్గరికొచ్చి విత్తనం అడుగుతున్నరు. కుండ నెత్తిన పెట్టుకొని ముందర నడిచే అమ్మకు ఊరు ఎదురొచ్చి నీళ్లు పోస్తది. దాని విలువ మా ఊళ్లల్ల పుట్టినోళ్లకు తెలుసు.

మీ ఊళ్లె చేయాలంటే పది మంది ఆడోళ్లు, పది రకాల గింజలు చాలు. బండి తర్వాత కట్టొచ్చు.

డాలస్ వదిన · జనవరి 9

మా అత్తగారిది న్యాల్‌కల్ మండలం. ఫిబ్రవరిలో ఇండియా వస్తున్నాం, ముగింపు రోజుకు వెళ్లాలని ఉంది. ఇక్కడ పెరట్లో అనుములు, పుంటికూర పెంచుతాను. కొన్ని రకాలు తెచ్చుకోవచ్చా?

రేగడి నేల · జనవరి 9

అమ్మా, సామానులో పెట్టుకుని తేవద్దు. అమెరికాలో విత్తనాల మీద గట్టి నిబంధనలున్నాయి. పురుగు, తెగులు లేవని మన దగ్గర ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మీ అత్తగారి ఊళ్లో భూమి ఉంటే ఒక మూల అరెకరం ఈ పంటలకు విడిపించండి. కౌలుదారుకు ఆ అరెకరం కౌలు వదిలేస్తే ఆయన సంతోషంగా వేస్తాడు. మీరు చేయగలిగిన వాటిలో అంతకంటే మేలైనది నాకు కనబడటం లేదు.

డాలస్ వదిన · జనవరి 10

మంచి మాట చెప్పారు అన్నయ్యా. మామయ్యతో ఈరోజే మాట్లాడాను. బోరు పక్కన చెరకు ఉంది, పైన చెల్క ఖాళీగానే ఉందట. చెల్క బిడ్డా, మీ చిన్నమ్మను ఒకసారి కలవాలి.

చెల్క బిడ్డ · జనవరి 10

రాండి వదినా, తప్పకుండ కలుపుత.

మంజీర అన్నా, నువ్వడిగిన దాచుడు సంగతి మిగిలింది. చిన్నమ్మను అడిగి రాస్తున్న. విత్తనానికి కంకులు కోత రోజు ఏరేది కాదు. చేను నిలబడ్డప్పుడే తిరిగి, గట్టి దంటు, నిండు కంకి, పురుగు లేంది చూసి గుర్తు పెట్టుకోవాలె. కోసినంక విడిగ ఎండబెట్టాలె. పంటి కింద పెడితే టక్కున పగలాలె, మెత్తగ నలిగిందంటే ఇంకా ఎండాలె. కందికి, పెసరకు కట్టె బూడిద, ఎండిన వేపాకు కలిపి కుండల పోసి, మూతికి పేడతోటి అలికి మూస్తరు. పురుగు పట్టదు. జొన్నను కొందరు కంకులతోటే పొయ్యి పైన దూలానికి కడతరు, పొగకు పురుగు దగ్గరికి రాదు.

ఎరువాకకు ముందు గింజ చూసుకోవాలె. తడి గోనెగుడ్డల వంద గింజలు చుట్టి పెట్టు. మూడు నాలుగు రోజులల్ల ఎన్ని మొలిచినయో లెక్క పెట్టు. ఎనభై దాటితే మామూలుగ ఏసుకో. అరవై ఉంటే గింజ ఎక్కువ వాడు. ఇంకా తక్కువైతే వేరే ఇంటి విత్తనం చూసుకో.

కాలవ గట్టు · జనవరి 10

చదివానండి అంతా. మా వరి కోశాక మాగాణిలో మినుము, పెసర చల్లుతాం. ఇప్పుడు అది కూడా కొన్న విత్తనమే. మా నాన్నగారి కాలంలో ఇంటి గాదెలో దాచిన మినుములే విత్తుకునేవాళ్లం. ఈ ఏడాది గట్టి కాయ ఉన్న మొక్కలు నాలుగు సాళ్లు విడిగా గుర్తుపెట్టి కోయిస్తాను. బూడిద కలపడం మా అమ్మకి తెలుసు, అడుగుతాను. పాలమూరు అక్కగారన్న మిల్లు మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. మాకు ధాన్యం మిల్లు ఊరికొకటి ఉండబట్టే వరి నిలబడింది.

పాలమూరు అక్క · జనవరి 10

సంతోషం. మా మండలంల ఆడోళ్ల సంఘాల సమాఖ్యకు పొట్టు మిల్లు కోసం దరఖాస్తు రాస్తున్న. జాతర ముగింపు రోజుకు మా ఊరి అయిదుగురం వస్తున్నం. కొర్ర బువ్వ తినుడు కాదు, ఆ మిల్లు నడిపే అమ్మలతోటి మాట్లాడాలె. నెలకు ఎన్ని గంటలు తిరుగుతది, కరెంటు ఎంతైతది, నూక ఎంత పోతది, జల్లెడ ఎన్నాళ్లకు మార్చాలె, అన్ని రాసుకోవాలె. చెల్క బిడ్డా, వాళ్లతోటి కలిపిస్తవా?

చెల్క బిడ్డ · జనవరి 10

కలిపిస్త అక్కా. హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్లకు: ముంబై రోడ్డు మీద జహీరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బస్సులు మస్తు ఉన్నయి, వికారాబాద్ మీదుగ రైలు కూడ ఉన్నది. అక్కడి నుంచి ఊళ్లల్లకు ఆటోలు. ఏ రోజు ఏ ఊళ్లె బండ్లుంటయో పస్తాపూర్‌ల అడిగితే చెప్తరు. మధ్యాహ్నానికి చేరుకోండి, మాటలు అప్పుడే నడుస్తయి. సంచి తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరు కాదు, గుడ్డ సంచి. విత్తనం ఉబ్బరిస్తది.

మంజీర తీరం · జనవరి 11

అందరికీ శనార్థులు. అమ్మతోటి కూసొని రెండెకరాలకు లెక్క చేసుకున్నం. ఎకరంన్నర పచ్చజొన్న, నడుమ కంది సాళ్లు, తెల్లది నల్లది రెండూ దొరికితే వేరే వేరే మూలలకు. పెసర, అనుములు, నువ్వులు కలిపి. మిగిలిన అరెకరం రేగడిల వానాకాలం ఊకె వదిలి చలికి శనగ, కుసుమ. జొన్న పాలు పోసుకున్నప్పుడు పిట్టలకు మంచె ఏసుడు తప్పదు, మా తమ్ముడు ఒప్పుకున్నడు.

చెల్క బిడ్డా, ఇంకొక్కటి చెప్పు. పచ్చజొన్న ఎకరంన్నరకు కంది సాళ్లు పోను ఎన్ని సోలలు అడగాలె? తక్కువడిగి మధ్యల చాలక దుకాణానికి ఉరుకుడు నాకిష్టం లేదు.

చెల్క బిడ్డ · జనవరి 11

గొర్రుతోటి ఏస్తవా, చల్లుతవా? దాన్ని బట్టి చెప్పాలె. గొర్రు అయితే ఎకరానికి మూడు నాలుగు కిలోలు సరిపోతయి, చల్లుడైతే ఇంకింత కావాలె. మీ చెల్కల రాయి ఎంతున్నది, వాలు ఎటున్నది చిన్నమ్మ అడుగుతున్నది. ఫోటో పెట్టు.